గడ్డం కొంచెం దించండి

మా ఇంట్లో ఫోటోలు తీసేది నేనే. పెళ్ళిళ్ళకూ ఓణీల ఫంక్షన్లకూ వచ్చే ఫోటోగ్రాఫరు వేరు, ఆయన వేడుకను తీస్తాడు. నేను ఏ వేడుకా లేని రోజున ఇంట్లో మనుషుల్ని తీస్తాను. నా సరంజామా చెప్పుకోదగ్గదేమీ కాదు. ఒక కిటికీ, ఒక ప్లాస్టిక్ కుర్చీ, నా ఫోను, మా తమ్ముడు మోజు తీరాక నాకిచ్చేసిన పాత డీఎస్‌ఎల్‌ఆర్, దానితో పాటే పెట్టెలో వచ్చిన 18-55 లెన్సు. కొత్తగా ఫోటోల సరదా పట్టుకున్న చుట్టాల పిల్లలు "పెద్దమ్మా, మావాళ్ళవి నువ్వు తీసినట్టు రావాలంటే ఏం చెయ్యాలి?" అని అడుగుతుంటారు. తెలిసిన నాలుగు ముక్కలూ చెబుతాను. చెబుతున్నంతసేపూ లోపల ఒక ప్రశ్న తొలుస్తూ ఉంటుంది. సొంతవాళ్ళ ముఖాలను ఇంతగా చూడాలన్న ఆశ నాకెందుకు? ఈ చూపులో ప్రేమ ఎంత, పెత్తనం ఎంత? దాన్ని తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను. మధ్యమధ్య కిటుకులు కూడా చెప్పక తప్పదు. నా బుద్ధి బయటపడేది వాటిలోనే.

మన ఇళ్ళలో ఒకరి ముఖంలోకి ఒకరు తేరిపార చూసుకోరు. నాన్నతో మాట్లాడేటప్పుడు మధ్యలో పేపరుంటుంది. అత్తగారితో మాట్లాడే కోడలి చూపు చిక్కుడుకాయల మీదో, పొయ్యి మీది పాల మీదో ఉంటుంది. పసిపిల్లను అదేపనిగా చూస్తే దిష్టి తగులుతుందంటారు, పెద్దవాళ్ళను చూస్తే పొగరంటారు. ఏళ్ళ తరబడి ఒకే కప్పు కింద ఉండి కూడా మా అత్తగారి ఎడమ కనుబొమ చివర సన్నటి గాటు ఉందన్న సంగతి నేను ఫోను తెర మీదే మొదటిసారి గమనించాను. చిన్నప్పుడు బావి గిలక తగిలిందట. నేను అడిగేదాకా ఆ కథ మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"గడ్డం కొంచెం దించండి అత్తయ్యగారూ." చేతిలో ఫోను లేకుండా ఈ మాట నేను అనగలనా? ఫోనుంటే అంటాను, ఆవిడ దించుతారు. భుజం పట్టుకుని కిటికీ వైపు తిప్పితే తిరుగుతారు. నుదుటి మీద పడ్డ వెంట్రుకను నేనే సర్దితే ఊరుకుంటారు. మావయ్యగారిని నిలబడమంటే నిలబడతారు. ఇంట్లో ఇంకెప్పుడూ దొరకని ఆజ్ఞాపించే హక్కు ఆ కాసేపు నాది. అది నాకు ఇష్టం. ఫోటో మీద ఉన్నంత ఇష్టం దాని మీదా ఉంది. ఈ సంగతి ఒప్పుకోకుండా ఫోటోలు ఎలా తీయాలో చెప్పడం మొదలుపెడితే అది సగం మాటే అవుతుంది.

ముందు వెలుతురు. ఇంట్లో ట్యూబ్‌లైటు, బల్బు అన్నీ ఆపేయాలి. కిటికీ వెలుతురుది ఒక రంగు, ట్యూబ్‌లైటుది ఇంకో రంగు. రెండూ కలిస్తే ఒక చెంప పచ్చగా, ఒక చెంప నీలంగా వస్తుంది. మనిషిని కిటికీకి రెండు మూడడుగుల దూరంలో, కాస్త ఏటవాలుగా కూర్చోబెట్టాలి. నేరుగా ఎండ పడుతుంటే పాత తెల్ల పంచె ఒకటి కిటికీకి కట్టాలి. వెలుతురు మెత్తబడుతుంది. అవతలి చెంప మరీ చీకటిగా ఉంటే ఆ పక్కన ఇంకో తెల్ల పంచెనో థర్మోకోల్ షీటునో ఎవరిచేతనైనా పట్టించాలి. ఆకుపచ్చ సున్నం వేసిన గోడకు మరీ దగ్గరగా కూర్చోబెడితే ఆ పచ్చదనం ముఖానికి అంటుతుంది. మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబెడితే కళ్ళు గుంటలు పడి నల్లగా వస్తాయి. అదే సమయంలో వసారా నీడలో, అంచు దగ్గర, బయటకు ముఖం పెట్టి కూర్చోబెడితే హాయిగా వస్తుంది. ఇది నేర్చుకోవడానికి ఒక్క పూట చాలు.

ఆ తర్వాత నాకు అర్థమైన సంగతి నేర్చుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఇంట్లో మంచి వెలుతురు పడే చోటుకు ఒక యజమాని ఉంటాడు. వసారాలో పడక కుర్చీ మావయ్యగారిది. ముందుగది కిటికీ పక్క కుర్చీ మా ఆయనది. వాళ్ళు అక్కడ కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు ఫోటో తీస్తే, నా ప్రమేయం పెద్దగా లేకుండానే చిత్రంలా వస్తుంది. అత్తయ్యగారు ఉండేది వెనకింట్లో, పొగ గూటి పక్కన వేలాడే బల్బు కింద. ఫోనులో ఆల్బం తిరగేస్తే మగవాళ్ళంతా పగటి వెలుగులో, ఆడవాళ్ళంతా బల్బు కింద కనిపించారు. ఇది కెమెరా చేసిన పని కాదు, ఇంటి కట్టడి. నేను దాన్ని ఉన్నదున్నట్టు దింపుతున్నానంతే. ఆవిడను కిటికీ దగ్గరకు తేవాలంటే "రండి అత్తయ్యగారూ, ఫోటో" అంటే చాలదు. "పులుసు నేను చూసుకుంటాను, మీరు వెళ్ళి కూర్చోండి" అనాలి. పులుసు దించి, పొయ్యి ఆపి, అప్పుడు ఫోను తీయాలి. అమ్మ ఫోటో బాగా రావాలంటే ఏం చెయ్యాలని అడిగే పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఇదే: ముందు ఆవిడ చేతిలో పని అందుకో. కెమెరాల పుస్తకాల్లో ఇది ఉండదు.

సరంజామా గురించి నాకూ కొన్నాళ్ళు పిచ్చి ఉండేది. 50 ఎంఎం 1.8 లెన్సు కొంటేనే ముఖాలు తీయగలనని, దాన్ని కొనేదాకా ఆగాలని అనుకునేదాన్ని. ఆ ఆగడంలో ఒక సుఖం ఉంది. లెన్సు లేదు కాబట్టి నాన్నను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాల్సిన ఇబ్బంది లేదు. మనుషుల దగ్గర బెరుకున్నవాళ్ళకు వస్తువుల జాబితా మంచి చాటు. ఈ చాటులోంచి నన్ను బయటకు లాగింది జూలియా మార్గరెట్ కామెరాన్ కథ. ఆవిడ 1815లో కలకత్తాలో పుట్టింది. 1863 డిసెంబరులో, 48 ఏళ్ళ వయసులో, కూతురూ అల్లుడూ ఒక కెమెరా బహుమతిగా ఇస్తే అప్పుడు మొదలుపెట్టింది. ఇంగ్లండులో తన ఇంటి దగ్గరున్న కోళ్ళ గూడును స్టూడియోగా, బొగ్గుల కొట్టును చీకటి గదిగా మార్చుకుంది. చుట్టాలను, ఇరుగుపొరుగును, పనివాళ్ళను కూర్చోబెట్టి తీసింది. ఆ రోజుల్లో పలకల మీద బొమ్మ పడాలంటే కదలకుండా చాలాసేపు కూర్చోవాలి. ఎవరో ఒకరు కదిలేవారు, బొమ్మ మసకబారేది. ఫోకస్ సరిగా లేదని అప్పటి ఫోటోగ్రఫీ పెద్దలు ఆమెను వెక్కిరించారు. తన అక్క చెల్లెళ్ళలో ఒకరి కూతురు జూలియా జాక్సన్‌ను ఆమె 1867లో తీసిన ఫోటో ముందు ఈనాడు ఆ వెక్కిరింత నిలవదు. ఆ జూలియాయే తర్వాత రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కు తల్లి. కోళ్ళ గూటిలో సాధ్యమైంది మా ముందుగదిలో సాధ్యం కాకపోవడానికి కారణం లెన్సు కాదని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది.

తర్వాత ఆ 50 ఎంఎం లెన్సు కొన్నాను కూడా. మంచిదే. 1.8 దగ్గర పెట్టి ఆరడుగుల దూరం నుంచి తీస్తే ఫోకస్ పడే లోతు బెత్తెడు ఉంటుంది. కళ్ళు స్పష్టంగా ఉంటే చెవులు మసక. ఒక మనిషికైతే అందం. వెనక వరుసలో ఇద్దరుంటే వాళ్ళు మాయం. అలాంటప్పుడు ఎపర్చర్ 5.6కో 8కో తేవాలి, రెండు వరుసల మధ్యా ఎడం తగ్గించాలి. ఈ మసక మీద నాకున్న మమకారాన్ని కూడా ఒకసారి పరీక్షించుకున్నాను. వెనకాల గోడకు ఆనించిన నిచ్చెన, మేకుకు తగిలించిన సంచి, సగం చిరిగిన క్యాలెండరు కనిపించకపోతే ఫోటో ఖరీదైనదిగా కనిపిస్తుంది. నేను దాస్తున్నది అనవసరమైనదాన్నా, మా ఇంటినా? ఇప్పుడు సంచిని తీసేస్తాను, క్యాలెండరును ఉంచుతాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఫోటో చూసేవాళ్ళకు ముఖం తర్వాత అబ్బురపరిచేది ఆ క్యాలెండరే.

దూరం గురించి. ఫోను పట్టుకుని మనిషి మీదకు వెళ్ళిపోవడం కొత్తవాళ్ళ అలవాటు. ఫోనులో ఉండే మామూలు కెమెరా చూపు వెడల్పు. మూరెడు దూరం నుంచి తీస్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఆరేడడుగులు వెనక్కి జరిగి, 2ఎక్స్ నొక్కి తీస్తే ముఖం దాని కొలతల్లో అది ఉంటుంది. గ్రూపు ఫోటోలో చివర నిలబడ్డవాళ్ళు లావుగా సాగినట్టు వచ్చేది కూడా ఈ వెడల్పు వల్లే. కాబట్టి రెండు అంచులా ఖాళీ వదలాలి. లేదంటే చివర నిలబడ్డ పిన్ని మనతో మాట్లాడటం మానేస్తుంది. ఈ వెనక్కి జరగడం లెన్సు కోసమే అనుకునేదాన్ని. ఎదుటి మనిషికి ఊపిరాడటానికి కూడా అని తర్వాత తెలిసింది. నేను దగ్గరగా ఉన్నప్పుడు నాన్న పెదాలు బిగించేవారు. ఆరడుగుల అవతల నిలబడి ధాన్యం రేటు అడిగితే, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మాట్లాడారు.

రంగు దగ్గరికొచ్చేసరికి నా సంగతి ఇంకా చిక్కు. కెమెరాకు మనిషి ముఖమని ప్రత్యేకంగా ఏమీ ఉండదు. ఎదురుగా ఉన్న వెలుగునంతా కలిపి ఒక మధ్యస్థమైన బూడిద స్థాయికి తేవాలని చూడటం దాని మూల స్వభావం. అందుకే తెల్లగోడ ముందు నిలబెడితే ముఖం నల్లబడుతుంది, చీకటి తలుపు ముందు నిలబెడితే పాలిపోతుంది. చాలా ఫోన్లలో ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకసూ వెలుతురూ అక్కడే లాక్ అవుతాయి. తర్వాత వేలిని పైకో కిందికో జరిపి సరిచేసుకోవచ్చు. మా నాన్న చామనచాయ కంటే ముదురు. అమ్మ పక్కనుండి "కాస్త తెల్లగా వచ్చేట్టు తియ్యవే" అంటుంది. నేను నవ్వి కొట్టిపారేస్తాను. కానీ వేలు పైకి జరుపుతూ ఉంటాను. ఎక్కడ ఆపాలి? కళ్ళు కనిపించడానికి జరుపుతున్నానా, అమ్మ మాట చెల్లించడానికా? ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నాం, ఆ బడి పేరు పెళ్ళిచూపుల ఫోటో. అందులో అందరూ పౌడరు రంగులో ఉంటారు. ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాను. తీసిన వెంటనే ఫోను తెరను నాన్న చేతి పక్కన పెట్టి చూస్తాను. తెర మీద చర్మం, పక్కనున్న చర్మం ఒకరివేలా ఉండాలి. లేకపోతే కిందికి దించుతాను.

ఈ పక్షపాతం మా ఇంటి గడపలోనే పుట్టిందని అనుకోనక్కర్లేదు. రంగుల ఫిల్ములు కడిగే ల్యాబుల్లో రంగు సరిచూసుకోవడానికి కొడాక్ నమూనా బొమ్మలు పంపేది. దశాబ్దాల పాటు ఆ బొమ్మల్లో ఉన్నది తెల్లజాతి స్త్రీయే. వాటికి షర్లీ కార్డులని పేరు. ఆమె చర్మం సరిగా వస్తే అన్నీ సరిగా వచ్చినట్టే. మిగతా ప్రపంచం ఆ కొలతకు సర్దుకుంది. ఇప్పటి ఫోన్లలో బ్యూటీ మోడ్ ఆ పనినే ఇంకాస్త మర్యాదగా చేస్తుంది. మా మావయ్యగారికి చిన్నతనంలో అమ్మవారు పోసింది. బుగ్గల నిండా మచ్చలు. ఒకసారి మా పాప ఫోనుతో తీస్తే బుగ్గలు బొప్పాయి పండులా నున్నగా వచ్చాయి. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చూసి "ఎవరమ్మా ఈయన?" అని అడిగారు. మన దేశంలో మశూచి 1975తో ముగిసింది. ఆ మచ్చలున్న ముఖాలు ఆ తరంతోనే వెళ్ళిపోతాయి. వాటిని చెరిపేసే మీట ఏ మెనూలో ఉందో వెతికి ఆపేయడం ఫోటోలు తీసేవాళ్ళు చేయాల్సిన తొలి పనుల్లో ఒకటి. ఇంత గంభీరంగా చెబుతున్నాను గానీ, నా సొంత సెల్ఫీ తీసుకునేటప్పుడు ఆ మీట ఆపడానికి నా వేలు ఇప్పటికీ తటపటాయిస్తుంది.

సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు గ్రూపు ఫోటో తప్పదు. పెద్దవాళ్ళకు కుర్చీలు, పిల్లలకు చాప, మధ్యవయసు వాళ్ళు వెనక. తలలన్నీ ఒకే గీత మీద ఉండకుండా చూసుకోవాలి. నేను పీట ఎక్కి కాస్త ఎత్తు నుంచి తీస్తే వెనకవాళ్ళ ముఖాలు కూడా అందుతాయి. అసలు బెడద కళ్ళు మూయడం. దీనికి లెక్క కట్టినవాళ్ళున్నారు. ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో పనిచేసిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరికి 2006లో గణితంలో ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వించి, ఆ తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. 20 మంది లోపు గుంపైతే, వెలుతురు బాగుంటే మనుషుల సంఖ్యను మూడుతోనూ, లేకపోతే రెండుతోనూ భాగించాలి. అన్ని ఫోటోలు తీస్తే ఒక్కదాంట్లోనైనా అందరి కళ్ళూ తెరుచుకుని ఉండే అవకాశం బాగా ఎక్కువ. 12 మందికి పగటిపూట నాలుగు, సాయంత్రం ఆరు. ఈ సూత్రం నాకు బాగా పనికొచ్చింది. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని నేను సాగదీసేదాంట్లో కళ్ళ కోసం ఎంత, ఇంతమందీ నా మాటకు కట్టుబడి నిలబడ్డారన్న సంతోషం కోసం ఎంత అని తేల్చిపెట్టింది. నాలుగు కాగానే ఇప్పుడు "అయిపోయింది, లేవండి" అంటాను.

నాకు నచ్చే ఫోటోకూ వాళ్ళకు నచ్చే ఫోటోకూ ఎప్పుడూ పొత్తు కుదరదు. నాకు నచ్చేది చూసుకోకుండా నవ్వినప్పటిది, జుట్టు ముడుచుకుంటున్నప్పటిది, సగం ముఖం నీడలో ఉన్నది. అత్తయ్యగారికి నచ్చేది పట్టుచీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా కూర్చుని, కెమెరా వైపు సూటిగా చూస్తున్నది. నవ్వు ఉండదు. "సహజంగా ఉండండి" అని నేను పోరేదాన్ని. నా సహజం ఎక్కడిదని తర్వాత ఆలోచించాను. పత్రికల్లోంచీ, సినిమాల్లోంచీ, ఫోటోలు లెక్కలేనన్ని తీసుకోగలిగే కాలంలోంచీ వచ్చింది. మా నాన్న దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది. 120 ఫిల్ము వేస్తే 12 ఫోటోలు. ఫిల్ముకూ, కడిగించడానికీ, ప్రింటుకూ డబ్బు. ఆ పన్నెండింటిలో ఒకటి తనకు దక్కితే మనిషి నిటారుగా నిలబడకుండా ఎలా ఉంటుంది? ఆ బిగువు భయం వల్ల వచ్చింది కాదు. తానెలా గుర్తుండాలో తానే నిర్ణయించుకున్న మనిషి తీరు అది. మధ్యప్రదేశ్‌లోని నాగ్దాలో ఫోటోల గురించి పరిశోధించిన క్రిస్టఫర్ పిన్నీ 1997లో 'కెమెరా ఇండికా' అనే పుస్తకం రాశాడు. మనవాళ్ళు స్టూడియోలో తీయించుకునే నిటారు ఫోటోను చేతగానితనంగా కాక ఒక ఆలోచనగా చూడటం నాకు అలాంటి రాతల వల్లే అబ్బింది. నేను పట్టుకున్న నవ్వు ఆవిడదే, అనుమానం లేదు. అయితే అది ఆవిడ నాకిచ్చింది కాదు, నేను తీసుకున్నది.

మగవాళ్ళు ఇంట్లో లేనప్పుడు అత్తయ్యగారు వేరే మనిషి. కొంగు జారినా పట్టించుకోరు, మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటారు, తోటికోడలు చెప్పే వీధి కబుర్లకు పడీపడీ నవ్వుతారు. వాకిట్లో మావయ్యగారి చెప్పుల చప్పుడు వినగానే సర్దుకుంటారు. చూసేవాళ్ళను బట్టి ముఖం మారుతుందని వ్యాపారం తెలిసినవాళ్ళు ఎప్పుడో గ్రహించారు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసమే జెనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ. పరదా చాటునుండే స్త్రీలు ఆడమనిషి ముందు కూర్చుని తీయించుకున్నారు. ఆడదాన్ని కావడం వల్ల నాకు దొరికే ముఖాలు మా ఆయన కెమెరా పట్టుకుంటే దొరకవు. అందుకే ఆ ఫోటోల మీద నా బాధ్యత ఎక్కువ. కాళ్ళు చాపుకుని ఉన్న ఆ ఫోటోలో ఆవిడ నవ్వింది నా కోసం, ఫ్యామిలీ గ్రూపు కోసం కాదు. దాన్ని అక్కడ పెడితే వాకిట్లో చెప్పుల చప్పుడు లేకుండానే మావయ్యగారు గదిలోకి వచ్చినట్టు.

వద్దనేవాళ్ళూ ఉన్నారు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా నాయనమ్మ నమ్మేది. ఆవిడను తీయాలన్న నా పట్టుదల ఆవిడ నమ్మకం కంటే గొప్పదేమీ కాదని ఇప్పుడు అనిపిస్తుంది. ఇద్దరిదీ చావు భయమే. ఆవిడ కెమెరాకు భయపడింది, నేను కెమెరా లేకపోతే భయపడుతున్నాను. మన ఇళ్ళలో చాలామంది పెద్దవాళ్ళకు జీవితం మొత్తానికి ఒకే ఒక్క పెద్ద ఫోటో ఉంటుంది. అది వాళ్ళు పోయాక కట్టించింది. ఆధార్ కార్డులోంచో, ఏదో పెళ్ళిలో వెనక వరుసలోంచో తల కత్తిరించి, ఎన్‌లార్జ్ చేయించి, వెనకాల నీలం రంగు పులిమించి, పెద్దకర్మ నాటికి దండ వేస్తారు. ఫ్లెక్సీ మీదా అదే ముఖం. ఇంట్లో ఎవరినైనా మంచి వెలుతురులో కూర్చోబెట్టినప్పుడు నా మనసులో ఒక మూల ఆ దండ మెదులుతుంది. నీచంగా అనిపిస్తుంది, కానీ ఉంది. ఎదురుగా మనిషి వేడి కాఫీ తాగుతూ ఉంటే, ఆ మనిషి లేని రోజుకు నేను ఏర్పాట్లు చేసుకుంటున్నాను. దీనికి విరుగుడుగా నేను చేసేది ఒక్కటే. ఎవరి ఫోటో బాగా వచ్చినా వాళ్ళుండగానే ప్రింటు వేయించి వాళ్ళ చేతికిస్తాను. గోడకెక్కేలోపు అది కొన్నాళ్ళు వాళ్ళ దిండు కింద, బీరువాలో, చుట్టాల చేతుల్లో తిరగాలి. "ఇందులో బాగానే ఉన్నానే" అని ఆ మనిషి తన గురించి తాను ఒక్కసారైనా అనుకోవాలి.

ఇంతమందిని కూర్చోబెట్టేదాన్ని నేను ఎక్కడున్నాను? కొన్నేళ్ళ ఆల్బంలో నేను దాదాపు లేను. తీసేది నేను కదా, ఎలా ఉంటానని సులువుగా చెప్పేయవచ్చు. ఫోనులో 10 సెకన్ల టైమరుంది, బియ్యం డబ్బాకు ఆనిస్తే ఫోను నిలబడుతుంది. కాబట్టి ఆ జవాబు చెల్లదు. చూడటం నాకు ఎంత ఇష్టమో చూడబడటం అంత కష్టం. ఇది వినయం అని నలుగురూ అనుకుంటారు, నేనూ అనుకోనిచ్చాను. మా పాప ఒకరోజు ఫోను లాక్కుని నన్ను కిటికీ దగ్గర కూర్చోమంది. కూర్చున్న మరుక్షణం నుంచి దానికి పాఠాలు మొదలుపెట్టాను. కాస్త వెనక్కి జరుగు, 2ఎక్స్ పెట్టు, ముఖం మీద నొక్కు. అది విసుక్కుని "అమ్మా, నోరు మూసుకుని కూర్చో" అంది. అప్పుడు తెలిసింది, అత్తయ్యగారు నా ముందు ఎంత ఓర్పుతో కూర్చుంటున్నారో. పెత్తనం ఎదుటివాళ్ళకు అప్పగించి, ముఖం ఒక్కటి మిగుల్చుకుని కూర్చోవడం చిన్న పని కాదు. కెమెరా పట్టాలనుకునేవాళ్ళు ముందు ఎదుటి కుర్చీలో కూర్చుని చూడాలి. ఎపర్చర్ గురించి ఆ తర్వాత చెప్పినా మునిగిపోయిందేమీ ఉండదు.

ప్రేమ ఎంత, పెత్తనం ఎంత అని లెక్క తేలుద్దామని కూర్చున్నాను. తేలలేదు. రెండూ ఒకే చేతిలో ఉన్నాయి, షట్టరు నొక్కే వేలు ఒకటే. అందుకని లెక్క వదిలేసి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. కూర్చోబెట్టేదాకా నా మాట, తీసిన తర్వాత వాళ్ళ మాట. ఫోను వాళ్ళ చేతికిచ్చి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో, ఎవరికి పంపాలో వాళ్ళనే చెప్పమంటాను. వద్దన్నది నాకెంత నచ్చినా వాళ్ళ ముందే తీసేస్తాను. నొప్పిగానే ఉంటుంది.

మొన్న అత్తయ్యగారివి రెండు మిగిలాయి. ఒకటి నేను గర్వపడేది. పక్కనుంచి వెలుతురు పడుతోంది, కనుబొమ చివర ఆ గాటు కనిపిస్తోంది, ఏదో అనబోతూ ఆగారు. రెండోది మామూలు నిటారు ఫోటో. ఆవిడ రెండూ చూసి, రెండోదాన్ని పెద్దది చేయించి తెమ్మన్నారు. మొదటిది ఉంచనా అని అడిగితే "నీ ఇష్టం, ఎవరికీ చూపించకు" అన్నారు. రెండోది మంచి ఫోటో అని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు, ముఖం ఆవిడది. పట్టణంలో స్టూడియోకు వెళ్ళి 12 బై 18 సైజులో వేయించి, నల్ల ఫ్రేము కట్టించి తెచ్చాను. వసారాలో, మావయ్యగారి కుర్చీ ఎదురుగా ఎక్కడ మేకు కొట్టాలో కూడా ఆవిడే చూపించారు.